కొలతల రోజు

సర్దమన్నది నేనే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. కత్తి సంగతి అలా ఉంచండి, కత్తెర ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది. మా భవనంలో చిన్నా పెద్దా నన్ను కత్తెరక్క అనే పిలుస్తారు. బట్టలు కుడతాను కాబట్టి అలా పిలుస్తారని నేననుకుంటాను. నోటికి జడిసి పిలుస్తారని మా ఆయనంటాడు.

మాది నాలుగంతస్తుల పాత భవనం. వీధి గేటు దాటితే నడవ, నడవ చివర మెట్లు, మెట్ల అవతల పెరడు. పెరటి గోడకు ఆవల లారీలు తిరిగే పెద్ద రోడ్డు. మెట్ల కింద ఒక మనిషీ ఒక మిషనూ పట్టేంత చోటుంది. నా కుట్టుమిషను అక్కడే వేసుకున్నాను. పెరట్లోంచి వచ్చే వెలుతురు సాయంత్రం నాలుగు దాకా సూది మీదే పడుతుంది. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాలంటే ఎవరైనా సరే నా మోకాళ్ళకు తగులుతూ వెళ్ళాల్సిందే. వెలుతురు కోసం ఆ చోటు పట్టుకున్నానని కొత్తవాళ్ళు అనుకుంటారు. నేను పట్టుకున్నది మామయ్య కోసం.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసి బతికిన మనిషి. మూడేళ్ళ నుంచి మతిమరుపు. కొడుకు పేరు మరిచిపోయాడు, భోజనం చేసిన సంగతి చెయ్యి కడుక్కునేలోపే మరిచిపోతాడు. చేతులు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. ఎంతటి తాళమైనా నా తలపిన్ను ఒకటి దొరికితే చాలు, చెవి దగ్గర పెట్టుకుని పిల్లవాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగించి తెరుస్తాడు. ఒకసారి రెండో అంతస్తు టీచరమ్మ బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని ఆవిడనే మంచినీళ్ళు అడిగాడు. అందువల్ల మా ఇంట్లో తాళం అనే వస్తువు దండగ.

రోజుకు నాలుగుసార్లు పనికి బయల్దేరతాడు. ఎవరో తాళం చెవి పోగొట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తున్నారని ఆయన నమ్మకం. మెట్ల దగ్గర నేను మిషను ఆపి, ఆ మనిషి చెవి దొరికిందట మామయ్యా, ఇంటికి వెళ్ళిపోయాడు అంటాను. దొరికిందా, మంచిది అని నా పక్క స్టూలు మీద కూర్చుంటాడు. మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. ఇక రోజంతా ఆ స్టూలూ ఆ మిషనూ ఆ మూడు మాటలే మా కాపలా.

ఇలా ఉండగా నగర కార్యాలయం వాళ్ళు మా నడవా పెరడూ బాగుచేయిస్తామన్నారు. ఏం కావాలో ఉండేవాళ్ళే కూర్చుని ఆలోచించాలట, గీతలు గీసిపెట్టడానికి తెలిసినవాళ్ళు సాయం వస్తారట. అలా వచ్చారు ఇద్దరు. ఒకరు ఉద్యోగం విరమించిన ఇంజనీరు గారు, ఇంకొకరు ఆర్కిటెక్టు అమ్మాయి. పైసా తీసుకోరు. ఆదివారం పూట ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోక మా వీధి చివర చెట్టు కింద నేల మీద కూర్చుని, నీకేం కావాలి, నీకేం కావాలి అని అడిగేవాళ్ళు. నా జన్మలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మా వాళ్ళ తరఫున మాట్లాడే మనిషి కావాలంటే అందరూ నా వైపు చూశారు. నేనూ ఏం తక్కువ తినలేదు, సరే అన్నాను.

తరవాతి ఆదివారం కొలతలు తీస్తాం, ఫొటోలు తీస్తాం, ఇంటింటికీ కాగితం ఇచ్చి వివరాలు రాయించుకుంటాం అన్నారు. ఉన్నది ఉన్నట్టుగానే ఉంచండి అని కూడా ఆ అమ్మాయి అంది. అంటుంది, మర్యాదస్తురాలు. పెళ్ళివారు కూడా మాకేం మర్యాదలు వద్దంటారు. వద్దన్నారని ఊరుకుంటామా?

శనివారం నడుం బిగించాను. నడవలో మంచాలు, డ్రమ్ములు, తడి బట్టల దండేలు, నేను తమ్ముడనే చెప్పులు కుట్టే అబ్బాయి పీటా పెట్టే, టీచరమ్మ ట్యూషన్ బల్లలు, అన్నీ తీయించాను. తమ్ముడు గొణిగాడు. చదువుకున్నవాళ్ళు మన కోసం వస్తుంటే ఈ సంతలో కొలుస్తారా అని కసిరాను. నా మిషను కూడా కరెంటు మీటర్ల గదిలోకి తోయించాను. సాయంత్రానికి నడవ అద్దంలా ఉంది. నాకే ముద్దొచ్చింది.

ఇక మిగిలింది మామయ్య.

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. ఆయన్ని చూస్తే వాళ్ళేమనుకుంటారో అని కాదు, ఏం రాసుకుంటారో అని భయపడ్డాను. కాగితం మీద పడితే అది కార్యాలయానికి వెళుతుంది, కార్యాలయం నుంచి ఎవరో ఒకరు వస్తారు, ఇలాంటివాళ్ళను ఆశ్రమంలో పెట్టాలమ్మా అంటారు. పక్క వీధిలో ఒకావిణ్ణి అలాగే తీసుకెళ్ళారు. దానికి తోడు, వాళ్ళ ముందు ఆయన ఆ ఇంజనీరు గారి సంచి తాళం తీసి చూపిస్తే నా పరువేం కావాలి? అది కూడా ఉంది. ఎందుకు దాచడం.

ఆదివారం పొద్దున్నే ఆయన్ని మూడో అంతస్తులో మా గదిలో కూర్చోబెట్టి, పాత తాళాల డబ్బా ముందు పెట్టి, తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టాను. తాళమైతే తీస్తాడు. బయటి గొళ్ళానికి లోపలినుంచి ఏ పిన్నూ అందదు.

కాగితం నా చేతికే ముందు ఇచ్చారు. ఇంట్లో ఎందరు? ఇద్దరం అని రాశాను. సాయం లేకుండా బయటికి వెళ్ళలేనివాళ్ళు ఉన్నారా? లేరు అని రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఆ అమ్మాయి మెచ్చుకుంది.

వాళ్ళు టేపు పట్టుకుని నడవంతా తిరిగారు. ఒకటి రెండు సార్లు పైనుంచి తలుపు చప్పుడు వినిపించింది. కిటికీ కొట్టుకుంటోంది అన్నాను. వాళ్ళు వెళ్ళేసరికి సాయంత్రం నాలుగున్నర. నేను పైకి పరిగెత్తి గొళ్ళెం తీస్తే మామయ్య గడప దగ్గరే చతికిలబడి ఉన్నాడు. తలుపు చెక్క మీద వేళ్ళు పెట్టుకుని ఉన్నాడు. నీళ్ళ బిందె వంటగది అరుగు మీద ఉంది, ఆయన ఒక్కడికీ అది దింపడం చేతకాదు, ఆ సంగతి నాకు తట్టలేదు. రెండు గ్లాసులు గడగడా తాగాడు. ఎండాకాలం కదా, అనుకున్నాను. ఆ మాటే పదిసార్లు అనుకున్నాను.

మూడు వారాలకు అట్టముక్కలతో మా భవనం బొమ్మ చేసి మళ్ళీ ఆ చెట్టు కిందికే తెచ్చారు. ఎంత ముచ్చటగా ఉందో. పెరటి గోడకు కొత్త గేటు పెట్టారు, నేరుగా పెద్ద రోడ్డు మీదికి. బస్సు స్టాపు కోసం వీధంతా చుట్టి వెళ్ళే బాధ తప్పుతుంది, ఎప్పుడైనా మంటలు లేస్తే బయటపడడానికి రెండో దారి ఉంటుంది. అందరికీ తలో ఆకుపచ్చ బిళ్ళ ఇచ్చి, నచ్చినచోట అంటించమన్నారు. జనం ఎగబడి గేటు మీద అంటించారు. నేనూ అంటించాను. ఆ చేతులు విరగా, నేనూ అంటించాను.

అంటించాక వంగి చూశాను. మెట్ల కింద చిన్న చిన్న సైకిళ్ళు గీసి ఉన్నాయి. పక్కన సన్నటి అక్షరాలతో 'ప్రస్తుతం ఖాళీ' అని రాసి ఉంది.

నా చోటు పోతే పోయె, పైన గదిలో దీపం పెట్టుకుని కుట్టుకుంటాను. మెట్లు దిగినవాడు ఇటు తిరిగితే వీధి, అటు తిరిగితే లారీల రోడ్డు. మధ్యలో సైకిళ్ళు. సైకిళ్ళు ఆయన్ని ఆపి, చెవి దొరికిందట మామయ్యా అని చెబుతాయా?

వచ్చే ఆదివారం సంతకాలు, సోమవారం కార్యాలయానికి కాగితాలు అన్నారు. మొదటి సంతకం నాదే.

ఆ వారం నేను కాలుగాలిన పిల్లినే. జాకెట్టుకు మూడు చేతులు కుట్టాను. మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, మిషను ఆగేది. చెప్పులు కుట్టే తమ్ముణ్ణి కదిపాను. అతని చోటు కూడా ఖాళీ కిందే పోయింది. ఇప్పుడు చెబితే, నడవలో పనులు చేసుకోవడం నియమాలకు విరుద్ధమని ఉన్నది కూడా ఊడబెరుకుతారక్కా అన్నాడు. సర్దమన్నది నువ్వే కదా అనలేదు. అని ఉంటే నయం. టీచరమ్మ, గేటుకు తాళం వేస్తే సరిపోతుంది కదా అంది. ఆవిడ కుర్చీలో ఎవరు కూర్చున్నారో ఆవిడే మరిచిపోయింది.

మా ఆయనకు చెప్పాను. నిజం చెప్పెయ్యవే అన్నాడు. ఏమని చెప్పాలి? ఇన్ని వారాలుగా తమ ఆదివారాలు మాకు ధారపోసినవాళ్ళకు, మీరు కొలిచింది మా భవనం కాదు, నేను వేసిన నాటకం అని చెప్పాలా? కొత్త గేటు వస్తోందని సంబరపడుతున్న నాలుగంతస్తుల వాళ్ళకు, నా ఒక్కదాని కోసం ఆపండి అని చెప్పాలా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెప్పకపోతే మామయ్య ఏదో ఒకరోజు ఆ గేటు దాటతాడు. ఆ రోడ్డు మీద లారీవాడు ఆయన్ని చూసి ఆగుతాడన్న నమ్మకం నాకు లేదు.

గురువారం మధ్యాహ్నం ఒకావిడ లంగా కొలతలు ఇస్తూ అడ్డంగా నిలబడింది. ఆవిడ వెనకనుంచి మామయ్య జారిపోయాడు. నేను చూసేసరికి స్టూలు ఖాళీ. చెప్పుల్లేకుండా వీధిలో పడ్డాను. పావుగంట. ఆ పావుగంటలో నేను ఏ దేవుణ్ణి ఏమని తిట్టానో నాకే తెలియదు. వీధి మలుపులో మూసి ఉన్న కొట్టు ముందు గొంతుక్కూర్చుని షట్టరు తాళం తీస్తున్నాడు. నన్ను చూసి, అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం, లోపల ఎవరో ఉన్నారు అన్నాడు. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాను. వీధి చిన్నది కాబట్టి దొరికాడు. పెద్ద రోడ్డు అయితే?

ఆదివారం వచ్చింది. పొద్దున్నే మీటర్ల గది పక్కన నిలబడి ఆలోచించాను. పాపం ఇంజనీరు గారు మోకాళ్ళ నొప్పులతో ఆ చెట్టు కింద నేల మీద కూర్చుని గీశాడు. చెబుదాం, చెప్పొద్దు, చెబుదాం. నడవలో మిగతావన్నీ అందరూ మళ్ళీ తీసేశారు. చివరికి ఏ మాటా చెప్పే ధైర్యం రాక మిషను మాత్రం మెట్ల కింద దాని చోట ఉంచేశాను. వాళ్ళే చూసి వాళ్ళే అడగనీ అనుకున్నాను. మామయ్యను స్టూలు మీద కూర్చోబెట్టాను. గొళ్ళెం పెట్టడానికి మాత్రం నా చెయ్యి రాలేదు.

జనం పెరట్లో చేరారు. బల్ల మీద అట్టల బొమ్మ, పక్కన సంతకాల కాగితం. ఆర్కిటెక్టు అమ్మాయి వస్తూ మిషనును చూసింది, ఏదో అడగబోయింది, ఈలోపు ఇంజనీరు గారు సంచి విప్పాడు. కొత్త గేటు గురించి కొందరికి దొంగల భయం ఉందని విని, ఆయన ఒక నమూనా తాళం తెచ్చాడు. అరచేయంత తాళం. లోపల ఏడు మీటలట, తయారుచేసినవాడు కూడా చెవి లేకుండా తీయలేడట. అందరూ చూడండి అని చేతికి చేతికి అందించాడు. అది తిరిగి తిరిగి స్టూలు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మిషను ముందునుంచి లేచేలోపే నా జడలోని పిన్ను మామయ్య చేతిలో ఉంది.

ఆపలేదు. ఎందుకు ఆపలేదో నన్నడగకండి.

ఆయన తాళాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజనీరు గారు అగ్నిప్రమాదాల గురించి చెబుతున్నాడు. నాలుగు మాటలు చెప్పాడో లేదో టక్కుమంది. మామయ్య తెరుచుకున్న తాళాన్ని తీసుకెళ్ళి మర్యాదగా ఆయన చేతిలో పెట్టాడు.

"చెవి జాగ్రత్తగా పెట్టుకోవాలి బాబూ. ఎండలో నిలబడాల్సి వస్తుంది."

పెరడంతా నవ్వింది. ఇంజనీరు గారు కూడా తాళం తిప్పి తిప్పి చూసుకుని నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలోని కాగితాల కట్ట తిరగేస్తోంది.

"ఈ తాతగారు ఏ ఇంట్లో ఉంటారు? మా లెక్కలో ఈయన లేరే."

మా భవనంలో ఒకరినొకరు తిట్టుకుంటాం గానీ బయటివాళ్ళ ముందు పట్టివ్వం. చెప్పులు కుట్టే తమ్ముడు నా మొహం చూశాడు. చూసి నన్ను కాపాడాడు.

"అక్క వాళ్ళ చుట్టమండీ. నిన్ననే వచ్చాడు, రేపు వెళ్ళిపోతాడు."

ఎంత మంచి అబద్ధం. నేను తలూపితే చాలు, అయిపోయేది. సంతకం పెట్టేసి ఇంటికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకోవచ్చు, ఇవాళ, రేపు, గేటు వచ్చాక రోజూ. మామయ్య నా వైపు చూస్తున్నాడు. చుట్టం అన్న మాట ఆయనకు వినబడినట్టుంది, ఎవరొచ్చారా అని నా వెనక చూశాడు.

"చుట్టం కాదు. మా మామయ్య. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నాడు," అన్నాను.

ఒకసారి నోరు విప్పాక ఇక ఆపలేదు. ఆ రోజు మీరు చూసిన నడవ మా నడవ కాదని చెప్పాను. ఈ మిషను ఇక్కడే ఉంటుందని, మంచాలూ డ్రమ్ములూ పీటలూ నేనే దాయించానని చెప్పాను. తమ్ముడి పని కూడా చెప్పేశాను, అతను తల పట్టుకున్నాడు. గేటు వద్దనడం లేదు, నాకూ కావాలి, కానీ మెట్లు దిగిన మనిషి నన్ను దాటకుండా ఆ రోడ్డు మీదికి వెళ్ళకూడదు అన్నాను. కాగితం మీద ఇద్దరం అని రాసింది అబద్ధం, ముగ్గురం. లేరు అని రాసింది కూడా అబద్ధం.

"మరి ఆ రోజు తాతగారు ఎక్కడున్నారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేను సంతకాల కాగితం తీసి ఇంజనీరు గారి చేతిలో పెట్టాను.

ఇంజనీరు గారు గోడకు ఆనుకుని ఉస్సురన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాం కదమ్మా అన్నాడు. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. రేపటి కాగితాలు ఆపాలి, ఇంకో రెండు వారాలు గడువు అడగాలి, ఇస్తారో ఇవ్వరో చెప్పలేను అన్నాడు. ఇవ్వకపోతే గేటూ లేదు, నడవా లేదు, ఈ పని వేరే భవనానికి వెళ్ళిపోతుంది. నాలుగంతస్తుల కళ్ళు నా వీపు మీద ఉన్నాయి. టీచరమ్మ ఒక్కతే లోపలికి వెళ్ళి, తన ట్యూషన్ బల్ల ఒకటి ఈడ్చుకుంటూ తెచ్చి నడవలో దాని చోట పెట్టింది. తరవాత తమ్ముడు పైకి వెళ్ళి పీట తెచ్చుకున్నాడు. కొలవండి అన్నాడు, విసుగ్గానే.

ఆ అమ్మాయి బల్లమీది అట్టల్లోంచి సైకిళ్ళ ముక్క ఊడదీసింది. పెన్సిలు తీసుకుని మెట్ల కింద ఒక చిన్న చతురస్రం గీసి, పక్కన ఒక చుక్క పెట్టింది. చతురస్రం మిషను, చుక్క స్టూలట. రెండు దారులూ ఆ చుక్క ముందునుంచే పోయేట్టు గేటును జరపవచ్చేమో చూస్తాను, మాటివ్వలేను అంది. తరవాత నా కాగితం తీసి ఇద్దరు అన్నది కొట్టేసి, ముగ్గురు అని నాచేతే రాయించింది. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

మామయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. వంగి ఆ అట్టల భవనాన్ని చాలాసేపు చూశాడు. మూడో అంతస్తులో ఒక తలుపు మీద వేలు పెట్టాడు. అది మా తలుపే.

"ఆ రోజు ఇక్కడ ఎవరినో లోపల పెట్టి గొళ్ళెం వేశారమ్మా. వాడు చాలాసేపు కొట్టాడు. నేను విన్నాను. నా దగ్గర పిన్ను లేదు."

పెరట్లో అందరూ విన్నారు. ఆ అమ్మాయి పెన్సిలు కింద పెట్టింది.

"తీసేశాను మామయ్యా. బయటికి వచ్చేశాడు," అన్నాను.

ఆయన దొరికిందా, మంచిది అంటాడని చూశాను. అనలేదు. వేలు ఆ తలుపు మీదే ఉంచి, నా మొహంలోకి చూశాడు.

"నీళ్ళిచ్చావా?"